గెరిల్లా అంటే మనిషి కాదు, చిన్న యుద్ధం

గెరిల్లా అనగానే మనకు కనిపించేది ఒక మనిషి. భుజాన తుపాకీ, వెనకాల అడవి, కొట్టి మాయమైపోయే తీరు. ఇంగ్లీషులోనూ అంతే. కానీ ఈ మాటను ఇంగ్లీషుకు అప్పిచ్చిన స్పానిష్‌లో అది మనిషి పేరు కానే కాదు, యుద్ధం పేరు. ‘గెర్రా’ అంటే యుద్ధం. దాని చివర రాతలో ‘ఇల్లా’ అని, పలకడంలో ‘ఇయా’ అని వచ్చే తోక తగిలిస్తే బుల్లి యుద్ధం అవుతుంది. ఆ యుద్ధం చేసేవాడిని పిలవడానికి స్పానిష్ వాళ్లకు వేరే మాట ఉంది: ‘గెర్రియెరో’, ఆడమనిషైతే ‘గెర్రియెరా’. ఇంగ్లీషు వాళ్లు పనికి పెట్టిన పేరు తెచ్చి పనివాడికి తగిలించారు. తర్వాత, యుద్ధానికి పేరు లేకుండా పోయింది కాబట్టి, దాని పక్కన మళ్లీ ‘వార్’ చేర్చుకున్నారు. మక్కీకి మక్కీ చూస్తే గెరిల్లా వార్ అంటే ‘చిన్నయుద్ధ యుద్ధం’. ఏటీఎం మెషీన్ అనడం లాంటిదే, ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించదు.

స్పానిష్‌లో ఈ చిన్న చేసే తోకలు బోలెడు. మనం రోజూ వాడే మాటల్లోనూ దాక్కుని ఉన్నాయి. ‘మోస్కా’ అంటే ఈగ, చిన్న ఈగ అయితే మస్కిటో. ‘వైనా’ అంటే ఒర లేదా కాయ మీది తొడుగు, చిన్న కాయ అయితే వెనిలా. ఐస్‌క్రీం బండి దగ్గర అడిగేది నిజానికి ‘చిన్న కాయ’ ఫ్లేవరే. గెరిల్లా కూడా ఈ కుటుంబంలోదే, కాకపోతే ఇది ఇంటి వస్తువు కాదు కాబట్టి ఆ ముద్దుతనం ఎవరికీ వినపడదు.

ఇక ‘గెర్రా’ సంగతి. స్పానిష్ లాటిన్ కడుపున పుట్టిన భాష. లాటిన్‌లో యుద్ధానికి ‘బెల్లుమ్’ అనే మాట ఉంది. ఆ లెక్కన స్పానిష్‌లోనూ దాని పిల్ల ఏదో ఉండాలి, కానీ లేదు. ‘బెల్లుస్’ అంటే అందమైన అనే మరో మాట ఉండటంతో రెండూ కలిసిపోయి గందరగోళం అయ్యి, యుద్ధం మాట వెనక్కి తగ్గిందని కొందరు పండితుల మాట. కారణం ఏదైనా, ఆ ఖాళీలోకి జర్మానిక్ తెగల నుంచి ‘వెర్రా’ అనే మాట వచ్చి కూర్చుంది. దానికి అర్థం కలహం, గందరగోళం. లాటిన్ పిల్లభాషల వాళ్లకు మాట మొదట్లో ‘వ’ పలకడం అలవాటు లేదు, ముందు ‘గ’ చేర్చుకున్నారు. అలా వెర్రా గెర్రా అయింది. విలియం స్పానిష్‌లో గియ్యెర్మో అయింది కూడా ఇలాగే. మన షాపుల్లో వినపడే వారంటీ, గ్యారంటీ కూడా ఒకే జర్మానిక్ మాట రెండు దారుల్లో ఇంగ్లీషుకు చేరిన రూపాలు. ఇప్పుడు ఇంగ్లీషు ‘వార్’ దగ్గరకు వస్తే, అది ఉత్తర ఫ్రాన్సు మాండలికం నుంచి ‘గ’ లేకుండా వచ్చిన అదే ‘వెర్రా’. అంటే గెరిల్లా వార్ అనే జంట పదంలో రెండూ ఒకే ఊరి వాళ్లు. ఒకరు ఫ్రాన్సు మీదుగా వచ్చారు, ఇంకొకరు కొన్ని వందల ఏళ్లు ఆలస్యంగా స్పెయిన్ మీదుగా వచ్చారు.

ఆ ఆలస్యపు రాకకు కారణం నెపోలియన్. పోర్చుగల్‌ను పట్టుకుంటామన్న మిషతో ఫ్రెంచి సైన్యం స్పెయిన్‌లోకి వచ్చి వెనక్కి వెళ్లలేదు. 1808లో నెపోలియన్ స్పెయిన్ రాజు నాలుగో కార్లోస్‌ను, ఆయన కొడుకు ఏడో ఫెర్నాండోను ఫ్రాన్సులోని బయోన్‌కు పిలిపించి ఇద్దరి చేతా రాజ్యం వదిలించి, తన అన్న జోసెఫ్‌ను గద్దె మీద కూర్చోబెట్టాడు. మే 2న మాడ్రిడ్ జనం తిరగబడ్డారు, ఆ రాత్రీ మర్నాడూ ఫ్రెంచి వాళ్లు దొరికినవాళ్లను నిలబెట్టి కాల్చారు. ఆ కాల్పుల్నే 1814లో గోయా బొమ్మగా వేశాడు. జూలైలో బైలేన్ దగ్గర ఒక ఫ్రెంచి సైన్యం లొంగిపోవడంతో స్పెయిన్‌కు కాస్త ఊపిరి వచ్చింది కానీ, ఆ ఏడాది చివర్లో నెపోలియన్ స్వయంగా దిగేసరికి స్పెయిన్ సైన్యాలు చెల్లాచెదురయ్యాయి. చెదిరిన సైనికులు, రైతులు, ఫాదరీలు, దొంగ సరుకు మోసేవాళ్లు, అందరూ చిన్న చిన్న గుంపులు కట్టారు. ఆ గుంపులకు అప్పటి మాట ‘పార్తీదా’.

ఇక్కడ ఆసక్తికరమైనది యుద్ధం కంటే దాని చుట్టూ నడిచిన కాగితాలు. ఎదిరిస్తున్న వాళ్ల తరఫు ప్రభుత్వం, అంటే సెంట్రల్ హుంటా, 1808 డిసెంబర్ 28న ఈ గుంపులకు ఒక నియమావళి ఇచ్చింది. దొంగ సరుకు రవాణా చేసేవాళ్లకు కూడా, ఫ్రెంచి వాళ్ల మీదకు వెళితే పాత కేసులు మాఫీ అన్నట్టు దారి తెరిచింది. 1809 ఏప్రిల్‌లో ఇంకో అడుగు వేసి దీనికి ‘నేల మీది కోర్సో’ అని పేరు పెట్టింది. కోర్సో అంటే, శత్రువు ఓడల్ని దోచుకోవడానికి రాజే ప్రైవేటు ఓడలకు ఇచ్చే అనుమతి. సముద్రం మీద చెల్లే పద్ధతిని తెచ్చి గట్టు మీద పెట్టారన్నమాట: ఫ్రెంచి బండ్లను కొట్టండి, దొరికింది మీదే. ఇటు ఫ్రెంచి వైపు 1810లో మార్షల్ సూల్ట్ ఇంకో హుకుం జారీ చేశాడు. జోసెఫ్ రాజు సైన్యం తప్ప స్పెయిన్‌లో వేరే సైన్యం లేదు, మిగతా వాళ్లంతా బందిపోట్లే, దొరికితే కాల్చడమే. ఒకే గుంపు, ఒకే తుపాకులు. ఒక కాగితంలో లైసెన్సు ఉన్న యోధులు, ఇంకో కాగితంలో దారిదోపిడీ దొంగలు. ఈ రెండు పేర్ల మధ్య ఎటూ తేల్చని మాటగా గెరిల్లా బతికి బట్టకట్టింది. నిజం చెప్పాలంటే రెండు కాగితాల్లోనూ కొంత నిజం ఉంది. కొన్ని గుంపులు ఊళ్ల మీద పడి తిన్నాయి. పగలు ఫ్రెంచి వాళ్లకు, రాత్రి వీళ్లకు ధాన్యం కొలిచిన రైతుకు ఏ పేరుతో పిలిచినా ఒకటే.

ఈ గుంపుల నాయకుల్లో అందరికంటే పేరు మోసినవాడు హువాన్ మార్టిన్ డియెస్. అంతకు ముందు ఫ్రాన్సుతో జరిగిన యుద్ధంలో సైనికుడిగా పనిచేసి వచ్చి వ్యవసాయం చేసుకుంటున్నవాడు. ఆయన ఊరు కాస్త్రియో దె దువెరో పక్కన పారే వాగులో నల్లటి బురద ఉంటుంది, దాన్ని ‘పెసీనా’ అంటారు. ఆ ఊరివాళ్లందరికీ చుట్టుపక్కల వాళ్లు పెట్టిన వెక్కిరింపు పేరు ‘ఎంపెసినాదో’, బురదగాళ్లు అన్నట్టు. ఆ పేరు ఆయనకు స్థిరపడిపోయింది. ఎంతగా అంటే, ఆయన మొండితనం చూసి స్పానిష్‌లో ‘ఎంపెసినార్సే’ అనే క్రియ పుట్టింది. పట్టిన పట్టు వదలకపోవడం అని దానర్థం. చివరికి ఆయనకు దక్కింది మాత్రం ఉరి. ఏ ఫెర్నాండో కోసం ఫ్రెంచి వాళ్లతో పోరాడాడో ఆ రాజే తిరిగొచ్చి, తాను లేనప్పుడు రాసుకున్న రాజ్యాంగం రద్దు చేస్తే, ఈయన రాజ్యాంగం పక్షాన నిలబడ్డాడు. సంత రోజుల్లో ఇనుప బోనులో పెట్టి జనానికి చూపించి, 1825 ఆగస్టులో రోవా అనే ఊళ్లో ఉరి తీశారు.

ఎంపెసినాదో మొదట పట్టుకున్న పని మాడ్రిడ్, బుర్గోస్ మధ్య దారిలో ఫ్రెంచి టపా మనుషుల్ని ఆపడం. చూడ్డానికి చిల్లర పని. కానీ చిన్న యుద్ధం అంటే ఏమిటో ఇక్కడే తెలుస్తుంది. ఒక ఉత్తరం క్షేమంగా చేరాలంటే దాని వెంట వందలాది గుర్రపు సైనికుల్ని పంపాల్సిన పరిస్థితి వచ్చింది. దొరికిన ఉత్తరాలు, స్పెయిన్ వైపు నిలిచి ఫ్రెంచి వాళ్లతో పోరాడుతున్న ఇంగ్లీషు సేనాని వెల్లింగ్టన్ శిబిరానికి చేరేవి. ఫ్రెంచి వాళ్లు వాటిని అంకెల సంకేతంలో రాసేవారు. 1400 అంకెల పట్టిక ఉన్న గట్టి సంకేతం అది. కానీ రాసే గుమస్తాలకు ఓపిక ఉండాలి కదా. ఉత్తరమంతా అంకెల్లోకి మార్చడం బద్ధకమై, ముఖ్యమైన మాటలకు మాత్రం అంకెలు వేసి మిగతాది మామూలు ఫ్రెంచిలోనే రాసి పంపేవారు. ముందు మాట, వెనక మాట కనిపిస్తుంటే మధ్యలో ఉన్న అంకె ఏమిటో ఊహించడం కుదురుతుంది. జార్జ్ స్కోవెల్ అనే అధికారి అలాంటి ఉత్తరాలు కుప్పగా వేసుకుని 1812లో ఆ సంకేతాన్ని చాలావరకు విప్పేశాడు. దారిలో ఒక టపా సంచి లాక్కోవడానికీ, ఎక్కడో ఒక పెద్ద సైన్యం కదలికకూ మధ్య ఉన్న లంకె అది.

గెరిల్లాలే స్పెయిన్‌ను గెలిపించారు అనడం మాత్రం సగం మాటే. ఫ్రాన్సుకు ఒక దశలో స్పెయిన్‌లో 3 లక్షలకు పైగా సైనికులున్నారు. అయినా 1810లో మార్షల్ మసేనా పోర్చుగల్ మీదకు తీసుకెళ్లగలిగింది సుమారు 65 వేల మందినే. మిగతావాళ్లు దారులు, వంతెనలు, ధాన్యం కొట్లు కాపలా కాస్తూ ఉండిపోయారు. కాపలా మానేసి ఒకచోట చేరితే గుంపులు విజృంభిస్తాయి, గుంపుల కోసం చెదిరితే వెల్లింగ్టన్ మీద పడతాడు. పెద్ద యుద్ధం పక్కన లేకపోతే ఈ చిన్న యుద్ధాన్ని తొక్కేయడం ఫ్రెంచి వాళ్లకు అంత కష్టం అయ్యేది కాదేమో.

ఇంగ్లీషులో ఈ మాట కనిపించే తొలి చోట్లలో 1809 నాటి వెల్లింగ్టన్ ఉత్తరాలు ఒకటి. అక్కడే అది యుద్ధం నుంచి మనుషుల మీదకు జారిపోయింది. వాళ్లను ఫలానా పనికి పెట్టమని ఆయన రాసినప్పుడు ‘వాళ్లు’ అంటే గెరిల్లాలే. స్పానిష్‌లో కూడా గెరిల్లా అంటే అలాంటి యుద్ధం చేసే గుంపు అనే అర్థం ఉంది కాబట్టి ఇందులో ఆయన తప్పు పెద్దగా లేదు. గుంపు మాట విన్నాడు, మనుషులకు వాడాడు, చివర ‘స్’ చేర్చాడు.

ఈ వెల్లింగ్టన్ మన దక్కనుకు కొత్తవాడు కాదు. అప్పటికి ఆయన ఆర్థర్ వెల్లెస్లీ. 1799లో శ్రీరంగపట్నం మీదకు వెళ్లిన నిజాం బలగానికి నాయకత్వం వహించింది ఆయనే. 1800లో ధోండియా వాఘ్ అనే తిరుగుబాటు నాయకుడిని దొరక్కుండా తిరుగుతుంటే నెలల తరబడి తరిమి, చివరికి కోనగల్ దగ్గర పట్టుకున్నాడు, ధోండియా ఆ పోరులోనే చనిపోయాడు. అంటే గుర్రమెక్కి మాయమయ్యే శత్రువు ఎలా ఉంటాడో ఆయనకు తుంగభద్ర ప్రాంతంలోనే తెలుసు. పిలవడానికి ఇంగ్లీషులో మాటే అప్పటికి లేదు. పద్ధతి ఇంకా పాతది. 17వ శతాబ్దం మొదట్లో అహ్మద్‌నగర్ రాజ్యంలో మాలిక్ అంబర్ మొఘల్ సైన్యాల మీద ఇదే చేశాడు, దాన్ని బర్గీగిరి అన్నారు. శివాజీ కాలానికి అది గనిమీ కావా. యూరప్‌లోనూ 18వ శతాబ్దపు ఫ్రెంచి సైనిక పుస్తకాలు ‘చిన్న యుద్ధం’ అనే పేరుతోనే తేలిక దళాల పనిని వర్ణించాయి. యుద్ధ సిద్ధాంతకర్తగా పేరుపొందిన ప్రష్యా అధికారి క్లాజ్‌విట్జ్ 1810, 1811ల్లో బెర్లిన్ సైనిక పాఠశాలలో దీని మీద పాఠాలు చెప్పాడు. కాబట్టి స్పెయిన్ కనిపెట్టింది యుద్ధ పద్ధతిని కాదు. ఒక పేరును ప్రపంచమంతా నోట పట్టేలా చేసింది, అంతే.

పేరు మనిషికి అంటుకున్నాక అసలు చిక్కు మొదలైంది. యుద్ధం అయితే ఎవరైనా చేయొచ్చు. మనిషి అనేసరికి, ఇతను సైనికుడా దొంగా అనే ప్రశ్న వస్తుంది. అమెరికా అంతర్యుద్ధంలో 1862లో ఉత్తరాది సైన్యపు జనరల్ హాలెక్‌కు సరిగ్గా ఇదే తలనొప్పి వచ్చింది. పట్టుబడిన గెరిల్లాలను యుద్ధ ఖైదీలుగా చూడాలా, ఉరి తీయాలా? కొలంబియా కాలేజీ ప్రొఫెసర్ ఫ్రాన్సిస్ లీబర్‌ను అడిగితే ఆయన ఒక చిన్న పుస్తకమే రాసిచ్చాడు. అందులో గెరిల్లా అంటే స్పానిష్‌లో చిన్న యుద్ధం అని గుర్తుచేసి, అమెరికాలో మాత్రం జనం దాన్ని మనుషులకు వాడుతున్నారని చెప్పి, ఆ మాట కింద ఎన్ని రకాల మనుషులున్నారో విడదీశాడు. మరుసటి ఏడాది ఆయనే తయారుచేసిన యుద్ధ నియమావళి ప్రకారం, యూనిఫాం వేసుకుని సైన్యంలో భాగంగా పోరాడితే యుద్ధ ఖైదీ. అప్పుడప్పుడు వచ్చి కాల్చి, మళ్లీ ఇంటికి పోయి రైతులా కూర్చుంటే దారిదోపిడీ దొంగ లేదా సముద్రపు దొంగ కింద లెక్క. సెంట్రల్ హుంటా ‘నేల మీది కోర్సో’ అని గౌరవించిన పనే ఇక్కడ సముద్రపు దొంగతనం అయింది, పోలిక మాత్రం సముద్రం దాటలేదు. తర్వాత 1907 హేగ్ నిబంధనలు కాస్త పట్టువిడుపు చూపించాయి. బాధ్యత వహించే నాయకుడు, దూరం నుంచి కనపడే గుర్తు, బాహాటంగా పట్టుకున్న ఆయుధం, యుద్ధ నియమాల పాటింపు, ఈ నాలుగూ ఉంటే సైనికుడితో సమానం అన్నాయి. కనపడే గుర్తు పెట్టుకుంటే ఇక గెరిల్లా ఎలా అవుతాడని అడగొచ్చు. 1949 జెనీవా ఒప్పందం కూడా ఆ నాలుగింటినే మళ్లీ రాసుకుంది.

పలకడం దగ్గర ఇంకో తమాషా ఉంది. స్పానిష్‌లో రెండు ‘ల’లు కలిస్తే ‘య’, కాబట్టి అసలు ఉచ్చారణ గెర్రీయాకు దగ్గర. ఇంగ్లీషు వాళ్లు అక్షరాల్ని చూసి గరిల్లా అన్నారు, అది కోతి జాతి గొరిల్లాకు ఇంగ్లీషులో ఉండే ఉచ్చారణే. రెండూ వినడానికి ఒకటే. మనవాళ్లలో గొరిల్లా యుద్ధం అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఆ తప్పు వాళ్లది కాదు, ఇంగ్లీషుది. నిజానికి రెండింటికీ చుట్టరికమే లేదు. గొరిల్లా, ఆఫ్రికా తీరం వెంట వెళ్లిన కార్తేజ్ నావికుడు హన్నో యాత్ర గురించిన గ్రీకు కథనంలో, ఒళ్లంతా వెంట్రుకలున్న మనుషులకు వాడిన పేరు. 1847లో థామస్ సావేజ్ అనే అమెరికన్ మిషనరీ దాన్ని ఆ జంతువుకు పెట్టాడు. 1985లో న్యూయార్క్‌లో కొందరు మహిళా కళాకారులు, మ్యూజియంలలో ఆడవాళ్లు వేసిన బొమ్మలకు చోటు లేదని పోస్టర్లు అంటించడం మొదలుపెట్టి గెరిల్లా గర్ల్స్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్లలో ఒకరు స్పెల్లింగ్ తప్పుగా గొరిల్లా అని రాయడంతో కోతి ముసుగుల ఐడియా వచ్చిందని వాళ్లే చెప్పారు. తప్పును ఇంత బాగా వాడుకున్నవాళ్లు తక్కువ.

తెలుగులోకి మాట ఇంగ్లీషు అర్థంతోనే వచ్చింది, రాతలో మాత్రం స్పెల్లింగ్‌ను నమ్మి ‘గె’ నిలబెట్టుకుంది. ఇప్పుడు పాఠ్యపుస్తకాలు అల్లూరి సీతారామరాజుది గెరిల్లా పోరాటం అంటాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరసగా మూడు రోజులు మూడు పోలీస్ స్టేషన్ల మీద పడి 26 తుపాకులు పట్టుకుపోయిన తీరు, సెప్టెంబర్‌లో దామనపల్లి ఘాటీలో ఇద్దరు ఇంగ్లీషు అధికారుల్ని మాటువేసి చంపిన తీరు చూస్తే ఎంపెసినాదో గుర్తుపట్టేవాడే. కానీ అప్పటి సర్కారు కాగితాల్లో దాని పేరు ‘ఫితూరీ’, జనం నోట పితూరీ. అరబీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట, అల్లరి, తిరుగుబాటు అని అర్థం. మన్యంలో అంతకు ముందు 1879లో మొదలైన రంపా తిరుగుబాటుకూ అదే పేరు. ఆ మాట ఇప్పుడు ఏమైపోయిందో చూడండి: ఒకరి మీద ఇంకొకరికి చాడీలు చెప్పడం పితూరీ. గెరిల్లా చిన్న యుద్ధంగా మొదలై పెద్ద మాట అయితే, పితూరీ తిరుగుబాటుగా మొదలై ఇంట్లో పిల్లల ఫిర్యాదు స్థాయికి దిగింది.

తెలంగాణ సాయుధ పోరాటం నాటికి లెక్క మారింది. అక్కడ పేరు పెట్టింది సర్కారు కాదు, పోరాడేవాళ్లే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయినప్పుడు జనం చేతుల్లో ఉన్నవి గుత్పలు, వడిసెలలు. ఆ తర్వాత ఏర్పడినవి గెరిల్లా దళాలు. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం హైదరాబాద్‌లోకి వచ్చాక మైదానాల్లో నిలవలేక ఆ దళాలు నల్లమల, గోదావరి అడవులు పట్టాయి. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించారు. కానీ నోటి వాడుకలో గెలిచింది గెరిల్లా కాదు, ‘దళం’. దళంలోకి పోయాడు, దళం వచ్చింది అన్నారే కానీ, గెరిల్లా వచ్చాడు అని పల్లెలో ఎవరూ అనలేదు. గెరిల్లా కరపత్రంలోనూ పేపర్లోనూ ఉండిపోయింది. చైనాలో కూడా ఈ స్పానిష్ మాట అవసరం పడలేదు. మావో 1937లో రాసినదాంట్లో వాడింది ‘యోజీ’, అంటే తిరుగుతూ కొట్టడం. ఆ పేరులో చిన్నా పెద్దా లేదు, కదలిక ఉంది. పద్ధతికి అదే సరైన పేరేమో అనిపిస్తుంది, ఎందుకంటే చైనాలో జరిగినదాన్ని చిన్న యుద్ధం అనడానికి నోరు రాదు.

స్పానిష్‌లో మాత్రం ఈ తేడాలు ఇంకా అలాగే ఉన్నాయి. కొలంబియా పేపర్లలో ‘లా గెర్రియ్యా’ అంటే సంస్థ, గెర్రియెరో అంటే మనిషి. 2022లో అధ్యక్షుడైన గుస్తావో పెత్రోను మాజీ గెర్రియెరో అని రాస్తారు, మాజీ గెరిల్లా అని రాయరు.

ఇంగ్లీషులో ఇప్పుడు ఈ మాట తుపాకీని ఎప్పుడో వదిలేసింది. 1973లో న్యూయార్క్‌లో చెత్తతో నిండిన ఖాళీ స్థలంలో మొక్కలు నాటినవాళ్లు తమను గ్రీన్ గెరిల్లాస్ అనుకున్నారు. 1984లో జే కాన్రాడ్ లెవిన్సన్ గెరిల్లా మార్కెటింగ్ అన్నాడు, డబ్బు లేని చిన్న వ్యాపారి తెలివితో పెద్ద కంపెనీల పక్కన నిలబడటం అని. పర్మిషన్ లేకుండా బస్టాండులో కెమెరా దాచిపెట్టి నాలుగు షాట్లు తీసుకుని జారుకుంటే అది గెరిల్లా షూటింగ్. ఈ వాడుకలు చవకబారువని కొందరికి చిరాకు కానీ, ‘చిన్న’ అనే పాత అర్థానికి ఇవే కాస్త దగ్గర. కోట్లు పోసి ప్రకటనలిచ్చే పెద్ద బ్రాండ్లు కూడా రాత్రికి రాత్రి గోడల మీద బొమ్మలు వేయించి అదే గెరిల్లా మార్కెటింగ్ అని చెప్పుకోవడం మాత్రం కుదరని బేరం. అంత పెద్ద సైన్యం చేసేదానికి స్పానిష్‌లో తోక అక్కర్లేదు, ఉత్త గెర్రా చాలు.